నవ్వుల మేడమ్ స్టూడెంట్

ఇదిగో తమ్ముడూ, లేవకు, కూర్చో. టీకి తర్వాత వెళ్దువుగాని. మన యూనివర్సిటీ కంప్యూటర్లో స్టూడెంట్ల పేర్లు ఎక్కించేదీ నువ్వే, తీసేసేదీ నువ్వే కదా? ఒక్క పేరు తీసెయ్యి. అంతే, పుణ్యముంటుంది.

మీటింగులో విన్నావుగా! "ఆన్‌లైన్ డిగ్రీలో ఈవిడ క్లాసులో చేరినవాళ్ళు ఒక్కరూ మానలేదు, ఒక్కరంటే ఒక్కరు!" అని మన డిపార్ట్‌మెంట్ పెద్దాయన బల్ల గుద్ది మరీ చెప్పాడు. స్టాటిస్టిక్స్ రెండో సెక్షను చెప్పే ఆ నవ్వుల మేడమ్ ఏమో తల వంచుకుని, "అయ్యో, నాదేముందండీ" అంటూ ముసిముసి నవ్వులు. నాకు ఒళ్ళు మండిపోయిందనుకో.

నా సంగతీ చెప్పాడుగా, అందరి ముందూ. నా క్లాసు మొదట్లో కిటకిటలాడింది. పరీక్షలొచ్చేసరికి నేనూ నా నీడా మిగిలాం. వచ్చే ఏడు స్టాటిస్టిక్స్ రెండు సెక్షన్లూ కలిపేస్తారట. ఎవరి పిల్లలు మానకుండా నిలబడితే వాళ్ళకే క్లాసట. మరి నేను? ఆ మూల గదిలో సర్టిఫికెట్ల మీద ముద్రలు గుద్దుకుంటూ కూర్చోవాలి.

అసూయా? ఆఁ, అసూయే! కడుపు రగిలిపోతోంది. ఏం, నేనేమైనా ఆవిడకన్నా తక్కువ చెప్తానా? నా స్లైడ్లు చూశావా, అద్దంలా ఉంటాయి. ఆవిడో? వీడియో మధ్యలో తుమ్ముతుంది, ఆ తుమ్ము తీసెయ్యను కూడా తీసెయ్యదు!

అందుకే... ఆ తలుపు కాస్త దగ్గరగా వెయ్యి. అందుకే, ఆ రహస్యమేంటో చూద్దామని నేనే ఆవిడ క్లాసులో చేరాను. నవ్వకు! మా అత్తగారి పేరు మీద. పెద్దవయసులో చదువు మీద మనసైన ఇల్లాలినన్నమాట. కెమెరా పెట్టను. గొంతు జీరగా మారుస్తా. దానికోసం వేరే ఫోను కూడా కొన్నా, ఇదిగో, ఈ బ్యాగులోదే.

ఏం కనిపెట్టావంటావా? నా మొహం! ఓసారి కావాలనే క్లాసు ఎగ్గొట్టా. నా క్లాసులో అయితే ఆఫీసు నుంచి "మీ హాజరు తక్కువగా ఉంది" అని మెసేజ్ పోతుంది. అక్కడ ఆవిడే ఫోన్ చేసింది. "నిన్న మీ గొంతు వినపడలేదమ్మా, ఒంట్లో బాగుందా?" అని! నాకు తిక్కరేగి, ఇంట్లో తీరిక దొరకట్లేదని ఓ కథ అల్లా. "మీరు వంట చేసుకుంటూ వినండి" అని లెక్కంతా నా ఒక్కదానికే మళ్ళీ చెప్పింది. నేను ఇన్నేళ్ళుగా చెప్తున్న లెక్కే. విసుక్కుంటుందేమో చూద్దామని అర్థంకానట్టు మళ్ళీ మళ్ళీ అడిగా. విసుక్కోదే ఆ మనిషి!

అర్థమైందా నా గొడవ? ఆవిడ్ని నెత్తికెక్కించుకున్నారే, ఆ లెక్కలో నేనూ ఉన్నా! నా వేలితో నా కన్నే పొడుచుకున్నా. నేను మానేస్తే "ఒక్కరూ మానలేదు" అన్న మాట పోతుంది. ఊఁ, మా అత్తగారి పేరు తీసెయ్యి, నొక్కు.

నొక్కావా? హమ్మయ్య.

ఏంటీ, ఇంకా పోలేదా? టీచరుకి కబురెళ్తుందా? ఆవిడ ఫోన్ చేసి మాట్లాడాకే పేరు పోతుందా? ఏ మహానుభావుడు పెట్టాడయ్యా ఈ రూలు?

నేనా? పోయినేడు మీటింగులో పెట్టమని నేనే అన్నానా? ఏమో, అనే ఉంటా. నేనెప్పుడైనా అలా ఫోన్ చేస్తే కదా గుర్తుండటానికి? "మాట్లాడితిని" అని టిక్కు పెట్టి పంపేసేదాన్ని.

అయ్యో, బ్యాగులో ఫోను మోగుతోంది! అప్పుడేనా? ఎత్తను. మోగనీ. మోగి మోగి అదే ఊరుకుంటుంది.

ఊరుకోదు తమ్ముడూ. ఆవిడ ఊరుకునే రకం కాదు. ఉష్, నువ్వు మాట్లాడకు.

"ఆఁ, మేడమ్, నేనే... గొంతా? ఏం లేదండీ, జలుబు... అవునండీ, మానేద్దామనే అనుకున్నా. ఇక్కడ ఒక మనిషికి నేను చదవడం గిట్టట్లేదు... ఎవరని చెప్పను మేడమ్, ఒట్టి కుళ్ళుబోతు... ఆఁ... ఆఁ, వస్తాను. రేపు తప్పకుండా వస్తాను మేడమ్."

ఆ పేరు ఉండనియ్యి తమ్ముడూ.

ఏంటలా చూస్తావ్? సెక్షను ఆవిడకే పోతుంది, తెలుసు. పోనీ. నన్ను మానొద్దని ఇంకెవరు బతిమాలుతున్నారు చెప్పు?