పెట్టె మీది బంతిపూలు

నాలుగు మూరల బంతిపూల దండండీ, అంతే. దానికే బావగారు మీ శవపెట్టె మీంచి చెయ్యి తీసేశారు. ఆయన తీశారని మొయ్యాల్సిన మిగతా ఐదుగురూ తీశారు. సొంత అన్న ఉండి కూడా, ఓవెన్, చివరికి మిమ్మల్ని కూలికొచ్చిన మనుషులు మోశారు.

మా గుంటూరులో లూథరన్లం పెట్టె మీద బంతిపూలే వేస్తాం. మా నాన్నకీ వేశాం. ఇవి ఈ అమెరికాలో, మన జెర్సీ సిటీ కిటికీలో పూసినవేగా, రోజూ మీరే నీళ్ళు పోసేవారు. దండ గుచ్చుతుంటే మీరే గుర్తొచ్చారు గానీ, ఆ రంగు సంగతి గుర్తు రాలేదు.

మీరు చెప్పారు, కాదనను. జూలై వస్తే బ్రిటన్ పక్షం ప్రొటెస్టెంట్లు ఆ నారింజరంగు పట్టీలు వేసుకుని, డప్పులు కొట్టుకుంటూ మీ ఊరు డెర్రీలో మీ కేథలిక్కుల గుమ్మం ముందునుంచే పోయేవారని. ఐర్లండుని రెండుగా కోసిన గీత మీ మేనత్త పొలంలోంచే పోయిందని. విన్నదంతా గుర్తుంటుందా?

బావగారికి మొదటినుంచీ అనుమానమేగా, తమ్ముడు లూథరన్ పిల్లని, అంటే ప్రొటెస్టెంటుని చేసుకున్నాడని. గుంటూరు పిల్లకి ఆ గొడవలేం తెలుసు? దానికితోడు ఈ ఎండాకాలం మీ ఐర్లండు జైల్లో మీ పక్షంవాళ్ళు పదిమంది బ్రిటన్ మీద పంతంతో తిండి మానేసి చచ్చిపోయారు. వాళ్ళకోసం ఇక్కడ చేసే ఊరేగింపుకి రమ్మని ఆయనొచ్చి పిలిస్తే మీరు కదల్లేదు. "ఇంకో పదిమంది పోయినా ఆ గీత చెరగదు" అన్నారు. ఆ మాట ఆయన మనసులో ఉండిపోయింది.

ఏవండీ, ఇంకో సంగతుంది. మీకు తెలుగు రాదు గనక చెప్పగలుగుతున్నాను.

చర్చి మెట్ల మీద బావగారు ముందు నన్ను అడిగారు. "ఈ దండ ఎవరి పని?" అని. మీవాళ్ళందరూ నా మొహమే చూస్తున్నారు. అంతమందిలో నావైపు ఒక్కరు లేరు.

"ఆయనే వెయ్యమన్నారు" అన్నాను. "పోయేముందు అడిగి మరీ వేయించుకున్నారు."

అప్పుడు తీశారు చెయ్యి. నేనే వేశానని ఉంటే దండ తీసి పక్కన పడేసి, నన్ను నాలుగు తిట్టి, మిమ్మల్ని మోసేవారు.

ఆ సాయంత్రమే బావగారు డెర్రీకి ఉత్తరం రాశారట. అత్తయ్యగారికి ఎనభై రెండేళ్ళు, చూపు ఆనదు, పక్కింటమ్మాయి చదివి వినిపించి ఉంటుంది. ఆ పేరుగల కొడుకు తనకి లేడని జవాబు రాయించారు.

నేనూ అత్తయ్యగారికి రాశానండీ, జరిగింది జరిగినట్టు. నిన్న తిరిగొచ్చింది. కవరు కూడా విప్పలేదు.

ఏం చెయ్యమంటారు? ఆ మెట్ల మీద భయమేసింది.