పులిచారల పిల్లమొక్క

కెనడాలోని సార్నియాలో ఆ ఇంటి వంటగది కిటికీ నిండా జపాన్ ఆర్కిడ్ కుండీలే. ఇంటావిడ ఒక కుండీలో నాచు సర్దుతూ, బేస్‌మెంట్‌లో అద్దెకుండే కాలేజీ అమ్మాయిని టీకి పిలిచింది.

“నిన్న త్రిపుర గారింటికి వెళ్లానమ్మా. నా పులిచారల ఆర్కిడ్ పిల్లమొక్క వాళ్ల కిటికీలో కూర్చునుంది.”

“అలాంటివి చాలామంది దగ్గర ఉంటాయేమో ఆంటీ.”

“ఉంటాయి. మా పిల్లి కొరికిన ఆకుతో సహా ఉండవు.”

అమ్మాయి కప్పు కింద పెట్టింది.

“సారీ ఆంటీ. మీరు ఇండియా వెళ్లినప్పుడు నేనే ఆ పిల్లని తల్లిమొక్క నుంచి విడదీసి ఆవిడకి ఇచ్చాను.”

“నీళ్లు చల్లమని పై తలుపు తాళంచెవి ఇచ్చాను. పిల్లల్ని పంచమనలేదు. ఆవిడ ఎన్నిసార్లు అడిగినా నేనివ్వలేదని నీకు తెలుసుగా?”

“తెలుసు. రోజూ కాలేజీకి కార్లో దింపుతానన్నారు ఆంటీ. కిటికీ ఉన్న గది కూడా ఇస్తామన్నారు. వచ్చే నెల మారిపోతున్నాను.”

ఆ సంగతి ఇంటావిడకి అప్పుడే తెలిసింది.

“ఓహో. మొక్కతో పాటు నీక్కూడా కిటికీ దొరికిందన్నమాట. మా అమ్మాయిని కూడా ఆ కుండీలు ముట్టుకోనివ్వలేదే నేను!”

ఇంటావిడ ఎదురుగా ఉన్న కుండీలో నాచుని వేలితో తట్టింది.

“దీనికి మట్టి వద్దని, నాచు కుప్ప మీద కట్టాలని, ఆ కుప్ప లోపల డొల్లగా ఉండాలని ఆవిడకి చెప్పావా?”

“లేదాంటీ.”

“తెలుస్తూనే ఉంది. మట్టిలో పాతేసింది. వేళ్లకి గాలాడక కుళ్లిపోతుంది.”

ఆమె నాచు పొట్లం అమ్మాయి ముందుకి తోసింది.

“ఇది పట్టుకెళ్లి, నేను నేర్పినట్టు మళ్లీ కట్టు. మొక్కేం చేసింది పాపం.”

“ఆంటీ...”

“తాళంచెవి మాత్రం ఇక్కడ పెట్టి వెళ్లు.”