వెస్లీ కారు మోత

టొలీడోలో సైలెన్సర్లు బిగించే షెడ్డు. పైకెత్తిన కారు కింద ముసలి మెకానిక్ లైటు వేసి చూస్తున్నాడు. కారు తెచ్చిన కుర్రాడికి కాలు నిలవడం లేదు.

"మీ అన్న వెస్లీ తన చేత్తో వెల్డింగ్ చేసుకున్న పొగగొట్టంరా ఇది. కోసేస్తే మళ్లీ రాదు."

"కోసెయ్యి బాబాయ్, నీకు దణ్ణం పెడతా!"

"మోత తగ్గాలి, అంతేగా? చివర్న చిన్న డబ్బా బిగిస్తాలే."

"తగ్గితే చాలదు. వీధి మలుపులో ఇది వినపడగానే, 'వెస్లీ వచ్చాడు' అంటూ అమ్మ గుమ్మంలోకి పరుగెత్తుకొస్తుంది. వాణ్ణి పూడ్చిపెట్టి ఏడాదైంది!"

"మరి ఈ మోత కూడా పోతే, ఆవిడకేం మిగులుతుందిరా?"

"కారు దిగింది నేనని చూసి తలుపేసుకుంటుంది బాబాయ్, రోజూ. చప్పుడు లేకుండా వెళ్తే, ఒక్కసారైనా నాకోసం తీస్తుందేమో."