బాత్రూం గచ్చు

(ఆసుపత్రిలో డ్రెస్సింగు గది. బల్ల మీద కుడిచెయ్యి చాపుకుని కూర్చున్న దర్జీ, ఆమె పక్కన ఆడపడుచు, ఎదురుగా డాక్టరమ్మ.)

"సూదే గుచ్చుకుంది డాక్టరమ్మా. ఎన్నిసార్లడిగినా సూదే."

"నేనడిగింది మిమ్మల్ని కాదండీ. ఆవిణ్ణి."

"మా మరదలికి నోట్లో నాలుక లేదండీ. దాని బదులు నేనే చెప్పాలి. నా తమ్ముడి పెళ్ళాం. మా అమ్మ నాకు రాసిచ్చిన ఇంట్లో, నా ముందుగదిలోనే మిషను పెట్టుకుని కుడుతుంది. దాని సంగతి నాకు తెలియదా?"

"తెలుసులెండి. మీరు చెప్పండమ్మా, ఏం గుచ్చుకుంది?"

"సూదండి."

"చేతి సూదా, మిషను సూదా?"

"చేతి... మిషను సూది."

"గుండుసూది అన్నావు కదే నాతో?"

"అదే వదినా. గుండుసూది."

"మూడు రకాల సూదులయ్యాయి. చూడండమ్మా, మీ వేల్లోంచి తీసిన చీము ల్యాబుకి పంపించాం కదా. అందులో పెరిగింది సూదుల మీద ఉండే క్రిమి కాదు. నోట్లో ఉండేది."

"ఎవరి నోట్లో అండీ?"

"అందరి నోట్లోనూ. మీ నోట్లో, నా నోట్లో. పేరు చెబుదామంటే నాకే నోరు తిరగదు. పళ్ళ సందుల్లో దాని మానాన అది బతుకుతుంది, ఎవరి జోలికీ రాదు. ఎప్పుడో నూటికో కోటికో ఒకరికి దారితప్పి కీలులోకి దిగుతుంది. దిగిందా, ఇదిగో, వేలు ఇలా వంకాయలా ఉబ్బుతుంది."

"ఉన్నచోట ఉంటే ఏ గొడవా లేదన్నమాట."

"అంతేనండీ."

"మనుషులూ అంతే డాక్టరమ్మా, ఉన్నచోట ఉంటే ఏ గొడవా లేదు. సరే, ఇంక తెలిసిపోయిందిగా. ఇది గుండుసూదులన్నీ పళ్ళ మధ్య పెట్టుకుని కుడుతుంది. తియ్యవే, మింగుతావే అని మొత్తుకుంటూనే ఉంటాను. నోట్లోది తీసి వేల్లో గుచ్చుకుంది. అంతే. మందు రాసివ్వండి, పోతాం."

"మందుల షాపులో అదే చెప్పి మాత్రలు తెచ్చుకున్నారుగా. తగ్గిందా?"

"ఇంకా వాచింది."

"వాస్తుంది. వాళ్ళిచ్చిన మాత్రలకి ఈ క్రిమి లొంగదు. అందుకే ఇంతలా అడుగుతున్నాను. ఇలాంటి కేసులు నేను చూసిందే తక్కువ. ఆ చూసినవాళ్ళు కూడా అందరూ తాగి కొట్టుకుని వచ్చిన మగవాళ్ళే."

"అయ్యయ్యో. మా ఇంటావంటా లేవండీ అలాంటివి."

"ఎవరైనా కొరికారా అమ్మా?"

"కొరకడమేంటండీ, వీధికుక్కలమా?"

"మిమ్మల్ని కాదండీ."

"ఎవరూ కొరకలేదండి."

"నొప్పెడుతుంది, నాకు తెలుసు. కొంచెం పిడికిలి బిగించండి."

"బిగుసుకోవట్లేదండి."

"వచ్చినంతవరకే. ఊఁ. చాలు, చాలు. చూశారా? వేలు చాపితే ఈ గాటు కణుపుకి ఎగువన ఉంటోంది. పిడికిలి బిగిస్తే సరిగ్గా కణుపు మీదికొచ్చి కూర్చుంటోంది. అంటే పిడికిలి బిగించి ఉన్నప్పుడు తెగింది. పిడికిలి బిగించి ఎవరూ కుట్టరు కదమ్మా?"

"అలా నిలదీస్తారేంటండీ? ఇదేమైనా పోలీసుస్టేషనా?"

"కాదు. పోలీసుస్టేషనైతే రేపు రమ్మని పంపేద్దును. వినండమ్మా. సూదైతే మాత్రలు మార్చి ఇంటికి పంపిస్తాను. పన్ను దిగితే మాత్రలు చాలవు, ఇవాళే కణుపు తెరిచి లోపలంతా కడగాలి. సూదిపోటుకి ఆపరేషనంటే మా సర్జన్ గారు ఒప్పుకోరు, నాలుగు రోజులు చూద్దామంటారు. ఆ నాలుగు రోజుల్లో అది ఎముకలోకి పోతుంది."

"పోతే?"

"ఆ వేలు కర్రలా నిలిచిపోతుంది. ఇంక వంగదు."

"కత్తెర?"

"పట్టలేరు."

"కత్తెర పట్టకపోతే ఎలాగండీ? దాని కుట్టు మీదే గడుస్తోంది ఆ సంసారం. వాడు చూస్తే మంచం దిగట్లేదు, మూలుగుతూ పడుకున్నాడు."

"ఎవరండీ?"

"మా తమ్ముడు. పై పన్ను విరిగింది పాపం, పెదవి కూడా చిట్లింది. గంజి తప్ప ఏం తినలేకపోతున్నాడు. పోయిన వారం బాత్రూంలో జారిపడ్డాడు. ఏ ముహూర్తాన లేచారో ఏంటో, వాడికి పన్ను, దీనికి వేలు, రెండూ ఒకే పూట."

"ఒకే పూటా?"

"వదినా, మీరు కాస్త బయట కూర్చోండి."

"నేనెందుకు కూర్చుంటాను? ఆ బాత్రూం గచ్చే అలాంటిదండీ. ఎంత రుద్దినా నున్నగా జారుతుంది. మా అమ్మ పడి ముందుపళ్ళు రెండూ పోగొట్టుకుంది. నా పెళ్ళికి ముందు నేను పడ్డాను, ఇదిగో, గడ్డం కింద మచ్చ. ఇది కాపురానికొచ్చాక ఎన్నిసార్లు పడిందో లెక్కలేదు. గచ్చు మార్పించరా అంటే వాడు..."

"వదినా. బయట కూర్చోమన్నాను."

"అమ్మో, మాటలొచ్చాయే నీకు."

"కావాలంటే ఆవిణ్ణి నేను పంపిస్తానమ్మా. మనిద్దరమే మాట్లాడుకుందాం."

"వద్దండి. పోనీ ఉండనివ్వండి. ఆవిడ దగ్గరే కదా ఇన్నాళ్ళూ దాచింది. వదినా, మీ తమ్ముడు నా కాళ్ళు పట్టుకున్నంత పని చేశాడు, మా అక్కకి చెప్పకే, పెళ్ళాం చేతిలో తన్నులు తిన్నానంటే వీధిలో తలెత్తుకోలేను అని. సరేలే అన్నాను."

"ఏం వాగుతున్నావే?"

"మీరు ఇంట్లోంచి పొమ్మంటే మిషను ఎక్కడ పెట్టుకోవాలా అని నేనూ భయపడ్డాను. ఇంత మంచి ముందుగది నాకెవరిస్తారు? నోరు మూసుకుని సూది, సూది అన్నాను. ఇప్పుడు వేలే పోతుందంటున్నారు. వేలు పోయాక మిషనెందుకు, ముందుగదెందుకు?"

"మెల్లిగా చెప్పండమ్మా. తొందరేం లేదు."

"పరదాలకి అంచు మడుస్తున్నానండి. నోటినిండా గుండుసూదులున్నాయి. పలకలేదని వెనకనుంచి వచ్చి జుట్టు పట్టుకున్నాడు. నోట్లో సూదులుంటే ఎలా పలుకుతాను? చెంప మీద కొట్టడానికి చెయ్యెత్తాడు. సూదులున్నాయని తెలుసు వదినా. చూశాడు. చూసే ఎత్తాడు. అవన్నీ ఉమ్మేశాను. చేతిలో కత్తెరుంది. దాన్ని బల్ల మీద పెట్టాను. పెట్టి, అప్పుడు కొట్టాను."

"కత్తెర పెట్టి మరీ కొట్టావా?"

"కత్తెరతో అయితే చచ్చిపోతాడు కదా. నాక్కావలసింది అది కాదు."

"మరి ఏం కావాలే నీకు?"

"ఇంకోసారి చెయ్యెత్తే ముందు వాడికి నేను గుర్తు రావాలి. రాయండి డాక్టరమ్మా. సూది కాదు, పన్ను. నా మొగుడి పన్ను. నేనే కొట్టాను, కావాలనే కొట్టాను. తప్పయిందని మాత్రం రాయకండి."

"అలా రాసే చోటు మా కాగితాల్లో లేదులెండి."

"మంచిది. వదినా, పొమ్మంటే పోతాను. మిషను నాది, అది మాత్రం పట్టుకుపోతాను. బతిమాలను. ఏదో ఒకటి అనండి వదినా. తిట్టండి పోనీ."

"ఆ చెయ్యి ఇటు చూపించు."

"నొప్పి వదినా."

"ముట్టుకోనులే. చూడనీ. ఇంత చిన్న చేత్తోనా?"

"చూడండీ, మీరు మాట్లాడుకుంటుండగానే సర్జన్ గారికి ఫోను చేశాను, రమ్మన్నారు. ఈవిడ ఒప్పుకున్నట్టు వేలిముద్ర తీసుకుంటాం, ఆ చేత్తో సంతకం పెట్టలేరు కదా. పక్కన ఇంటివాళ్ళు ఒకరు సంతకం పెట్టాలి. భర్తగారికి కబురు పంపిస్తే..."

"వాడెందుకు? పెన్నిలా ఇవ్వండి."

"మీరు పెడతారా?"

"ఇంటిదాన్ని నేనేగా. ఎక్కడ, ఇక్కడేనా? శుభ్రంగా కడగండి డాక్టరమ్మా, ఒక్క పురుగు మిగలకూడదు. ఆ చెయ్యి నాకు మళ్ళీ మామూలుగా కావాలి. మా ఇంటి బాత్రూంలో మగాడు జారిపడటం ఇదే మొదటిసారి."