వెండెలిన్ పూడ్చకుండా వదిలిన ఖాళీ

ఈ సభకు పెద్దగా కూర్చున్న మేయరు ఎంగెల్‌బెర్ట్ గారికీ, దీవించడానికని వచ్చి ముందుగా పొయ్యి పక్కన చోటు చూసుకున్న ఫాదర్ గారికీ, ఇంత మంచులో పడి పై ఇళ్ళ నుంచి దిగివచ్చిన పెద్దలకూ, సూపులో రొట్టె ఉండలు వేసేసి నా మాటలు ఎప్పుడు అయిపోతాయా అని గరిటె పట్టుకుని చూస్తున్న ఆడవాళ్ళకూ, బూట్లు సరిచేసే పని మానుకుంటున్నందుకు మీరంతా బహుమతిగా ఇచ్చిన ఆవు గంటను ఒళ్ళో పెట్టుకుని, కదిలితే మోగుతుందని ఊపిరి బిగబట్టి కూర్చున్న వెండెలిన్ గారికీ నా దండాలు.

నేను నోట్‌బుర్గాను. బుర్గా అంటే గానీ మీకు తెలియదు. ఇలాంటి సభల్లో నేను ఎప్పుడూ వంటింటి వైపు ఉండే మనిషిని. చదువు పెద్దగా లేదు, మా ఇంట్లో ఆవులు ఈనే కాలమూ బడి పరీక్షల కాలమూ ఒకటే కావడం వల్ల. ఈరోజు అందరినీ ‘మీరు’ అనాలని సభ ఏర్పాటు చేసినవాళ్ళు గట్టిగా చెప్పారు. చర్చి గోపురం కన్నా ఎత్తున ఉన్న ఇళ్ళలో మేం రాజొచ్చినా నువ్వనే అంటాం. గుర్తున్నంతసేపు మీరంటాను. ఆ తరవాత వెండెలిన్ గారే సర్దుకోవాలి.

మన ఊళ్ళో స్కీ బూటులో దూరిన ప్రతి పాదమూ ఎప్పుడో ఒకప్పుడు ఈయన ఒళ్ళో కూర్చున్నదే. బూటుకు పైన గట్టి ప్లాస్టిక్ డిప్ప, లోపల మెత్తటి తొడుగు. డిప్ప మనకన్నా ఎక్కువ కాలం బతుకుతుంది. తొడుగు మాత్రం కొన్ని చలికాలాలకే నలిగి అణిగిపోతుంది, కాలు లోపల గిలక్కాయలో గింజలా ఆడుతుంది. అప్పుడు మనం ఏం చేస్తాం? రెండో మేజోడు వేస్తాం. మా అమ్మ వేసింది, వాళ్ళమ్మ వేసింది. ఈయన జన్మంతా పోరాడింది ఆ రెండో మేజోడుతోనే. అది వేస్తే కాలు బిగుసుకుని, నెత్తురాడక చల్లబడుతుందే గానీ మడమ ఆడేది ఆడుతూనే ఉంటుందని చెప్పి చెప్పి గొంతు పోయి, చివరికి దుకాణం తలుపు మీదే రాయించారు, ఒక్క మేజోడుతో వచ్చేవాళ్ళకే లోపలికి దారి అని. (నవ్వులు) నవ్వుతున్నవాళ్ళందరూ దుకాణం వెనక కట్టెల దొంతిలో రెండో మేజోడు దాచి లోపలికి వెళ్ళినవాళ్ళే. ఒక చలికాలం ఆ దొంతిలో కట్టెల కన్నా మేజోళ్ళే ఎక్కువ దొరికాయని వాళ్ళావిడ సెన్సి నాతో చెప్పింది.

మేయరు గారు తమ భార్య పెళ్ళి కోటు భుజాల్లోంచి మెత్తలు ఊడదీసి, బూటు వదులని చీలమండలకు కట్టుకున్న సంగతి మాత్రం నేను ఇక్కడ చెప్పను. (పెద్దగా నవ్వులు) చెప్పనన్నాను కదా. ఆవిడ ఆ కోటుతో చర్చికి వస్తే భుజాలు వేలాడుతున్నాయని అందరం జాలిపడ్డాం. ఆ ఏడు కొండ మీద ఆయన కాళ్ళు మాత్రం భలే నిలకడగా ఉన్నాయి.

ఇక నా సంగతి. కొత్త సంవత్సరం రోజు చీకటి పడగానే కాగడాలు పట్టుకుని స్కీల మీద కొండ దిగే వరసలో ఇంటికొక మనిషి ఉండాలి. ఊళ్ళో ఇళ్ళు ఎలా ఉన్నాయో వరస కూడా అలాగే. ఏ ఇంటి మనిషైనా రాకపోతే ఆ చోటు ఖాళీగా వదులుతాం, పక్కింటివాళ్ళు అందులోకి జరగరు. మా ఇంటి చోట నా కొడుకు విన్సెంజ్ ఉండేవాడు. ఆరేళ్ళ కింద, వేసవిలో, ఏటవాలున గడ్డి కోస్తుంటే ట్రాక్టరు దొర్లి వాడు పోయాడు. వాడి పెట్టె మోసిన భుజాలు ఈ హాల్లోనే ఉన్నాయి కాబట్టి నేను ఎక్కువ చెప్పక్కర్లేదు. ఆ చలికాలం కిటికీలోంచి చూశాను. దీపాలు దిగుతున్నాయి. మాంసం కొట్టువాళ్ళ కాగడాకూ పంతులమ్మ కాగడాకూ మధ్య చీకటి. మంచి పలువరసలో ఒక్క పన్ను ఊడినట్టు. మీరు మర్యాద కొద్దీ వదిలారు. నాకు మాత్రం ఊరు ఊరంతా మా ఇంటి వైపు వేలు చూపినట్టే ఉంది.

ఇంట్లో మిగిలింది నేనొక్కదాన్నే గనుక, మరుసటి ఏడు నేనే దిగుతానన్నాను. నా బూట్లు ఎప్పుడో ఎలుకల పాలయ్యాయి. వాడి బూట్లున్నాయి. నా పాదాలు ఎంతటివో మీకు తెలియంది కాదు, పెళ్ళిచూపులకు వచ్చిన మా ఆయన గుమ్మంలో నా చెప్పులు చూసి మా నాన్న ఇంట్లోనే ఉన్నాడని భయపడి వెనక్కి వెళ్ళబోయాడు. (నవ్వులు) అయినా వాడి బూట్లు నాకు కాస్త వదులే. అందుకని రెండో మేజోడు వేశాను. వెండెలిన్ గారూ, అటు చూడకండి, వేశాను. ముందుగా ఒకసారి అలవాటు చేసుకుందామని, పై మేతబీడు నుంచి చర్చి దాకా దిగడానికి బయల్దేరి మా కోళ్ళగూట్లో ఆగాను. కాళ్ళు కొయ్యబారాయి. బొటనవేలి గోరు నల్లబడి ఊడిపోయింది. మళ్ళీ వచ్చింది గానీ, మా అత్తగారిలాగా మొండిగా, అడ్డంగా వచ్చింది.

కుంటుకుంటూ దుకాణానికి వెళ్తే ఈయన నా మొహం చూడలేదు, కాలు చూశారు. “రెండా?” అన్నారు. “రెండే” అన్నాను. తొడుగులు బయటికి లాగి, ఇవి వేడికి మెత్తబడే రకం, కాసేపు పొయ్యిలో పెట్టి నీ కాలికి తొడిగితే నీ కాలి అచ్చే పడుతుంది, కొత్తవాటిలా అవుతాయి అన్నారు. మంచి మాటే. పొయ్యి అప్పటికే వేడెక్కి ఉంది. నా చెయ్యి ఎడమ తొడుగులో ఉంది. విన్సెంజ్‌కు చిన్నప్పటి నుంచీ ఎడమ పాదం పక్కన, చిటికెన వేలి కింద, ఎముక పొడుచుకు వచ్చి ఉండేది. అది ఒత్తి ఒత్తి ఆ తొడుగులో అరచెక్క అక్రోటు పట్టేంత గుంట పడింది. నా వేలు వెళ్ళి ఆ గుంటలో పడింది, ఇక పైకి రాలేదు.

“మరి పాత అచ్చు?” అన్నాను.

“పోతుంది. పోవాలనే కదా పొయ్యిలో పెట్టేది.”

ఆ తరవాతిది మీలో చాలామంది కళ్ళారా చూశారు. నేను రెండు తొడుగులూ చంకన పెట్టుకుని ఒట్టి మేజోళ్ళతో వీధిలో పరుగు, నా వెనక చేతులకు పొయ్యి గ్లౌజులతో వెండెలిన్, అతని వెనక మా కుక్క, దానికి కారణం తెలియకపోయినా. నేనేదో ఎత్తుకుపోతున్నానని మాంసం కొట్టు ముందు జనం అనుకున్నారు, అనుకుని కూడా “లగెత్తు బుర్గా, లగెత్తు” అని నా వైపే చేరారు. నీళ్ళ తొట్టి దగ్గర అతను ఆయాసపడుతూ ఆగిపోయాడు.

“నా మోకాళ్ళు ఇక ఆడవు, బుర్గా. నిలబడు. ఆ అచ్చు నేను చెరపను. ఇంకో దారి చూస్తాను.”

చూశారా, ‘మీరు’ అనడం ఎప్పుడో మరిచిపోయాను. ఇక అలాగే పోనివ్వండి.

దుకాణానికి తిరిగి వెళ్ళాం. ఆ తొడుగులు నేను ఉతకలేదు, ఎండకూ గాలికీ పెట్టలేదు, కాబట్టి వాటి పరిమళం మీరు ఊహించుకోవచ్చు. వెనక గదిలోంచి సెన్సి వస్తూ, నన్ను చూడక, “ఏంటయ్యా ఈ కంపు, లోపలేమన్నా చచ్చిందా?” అంది. అప్పుడు నన్ను చూసింది. మొహం సున్నం కొట్టినట్టయింది పాపం. ఈయనైతే బల్ల కింద దూరడానికి చోటు వెతుక్కుంటున్నాడు. నాకు నవ్వొచ్చింది. వాడు బతికున్నన్నాళ్ళూ నేను రోజూ అన్న మాట అదే. ఆ బూట్లు గుమ్మం బయట పెట్టరా, లోపలేదో చచ్చినట్టుంది అని. వాడి పెట్టె లేచిన రోజు నుంచీ నేను నవ్వడం అదే మొదలు. నన్ను చూసి వాళ్ళిద్దరూ నవ్వారు. సెన్సీ, నువ్వు ఇప్పటికీ ఆ మాటకు సిగ్గుపడుతున్నావు. పడకు. నాకు ఆ ఏడాది దొరికిన ఓదార్పుల్లో అది ఒక్కటే పనిచేసింది. ఫాదర్ గారు ఏమీ అనుకోవద్దు.

మర్నాడు అతను పనికి కూర్చున్నాడు. తొడుగు లోపల వేలు పెట్టలేదు, చేసిందంతా బయటి నుంచే. డిప్పకు ఆనే వైపున, చీలమండ చుట్టూ నెలవంకలా కోసిన స్పాంజి ముక్కలు అంటించాడు. డిప్ప అడుగున పల్చటి బెండు పలక వేశాడు, పాదం కాస్త లేచి నిండుగా కూర్చునేలా. బూటు నాలుక వెనక ఒక పట్టీ. ఒక్క మేజోడుతో కాలు పెట్టి నిలబడితే, వెనక ఎవరో మడమ పట్టుకుని ‘పద, నేనున్నా’ అన్నట్టుంది. ఇక గుంట మిగిలింది. అక్కడ కూడా బయట ఒక ముక్క పెడితే అది లోపలికి నొక్కుకుపోతుంది, పాదం పక్కకి కదలదు, పూడ్చమంటావా అని అడిగాడు. వద్దన్నాను. చక్కెర డబ్బా ఖాళీగా కనపడినా సెన్సిని సతాయించే మనిషి, ఖాళీ అంటే జన్మంతా గిట్టని మనిషి, ఎందుకని అడగలేదు. గుంట వదిలేసి చుట్టూ అంటించాడు.

ఆ కొత్త సంవత్సరం నేను దిగాను. చర్చి ముందు ఆగడం చేతగాక కాగడాతో సహా మేయరు గారి మీద పడ్డాను. ఇప్పుడు మీరు చూస్తున్నది వారి రెండో మీసం. (నవ్వులు) కానీ వరసలో చీకటి లేదు.

అప్పటి నుంచి ఏటా, కొండ మీది ఆవులు ఊళ్ళోకి దిగాక, తొడుగులు పట్టుకుని వెళ్తాను. అవి ఇంకా అణుగుతుంటాయి, ఇతను ఇంకో ముక్క అంటిస్తాడు. పనంతా అయ్యాక ఒకటే మాట. “బుర్గా, ఈ ఏడు పూడ్చమంటావా?” “వద్దు.” అంతే. ఇద్దరం వాడి పేరెత్తం. మీరంతా మంచివాళ్ళు, నా దగ్గర వాడి ఊసు రాకుండా పల్చటి మంచుగడ్డ మీద నడిచినట్టు నడుస్తారు. అది ప్రేమేనని నాకు తెలుసు. కానీ నా కొడుకు ఇంకా ఒక చోటు పట్టుకుని ఉన్నాడని ఒప్పుకుని నన్ను అడిగే మనిషి ఇతనొక్కడే.

ఇప్పుడు ఇతను పని మానుకుంటున్నాడు. మోకాళ్ళకు విశ్రాంతి కావాలి, నేను కాదనను, వాటిని వీధిలో పరిగెత్తించిన పాపం నాది కూడా. దుకాణం తీసుకునే లోయ ఊరి అమ్మాయి పనిమంతురాలట. ఆమె యంత్రంలో పాదమూ తొడుగూ పెడితే బొమ్మ పడుతుందట. నా గుంటా అందులో పడుతుంది, ఆమె దాన్ని చక్కగా పూడ్చేస్తుంది. ఆమె తప్పేం లేదు, ఖాళీ కనపడితే పూడ్చడమే ఆ విద్య. వద్దని నేను ముందే చెబుతాను, వింటుంది కూడా. కానీ చెబితే వినడం వేరు, అడగడం వేరు.

అందుకని, వెండెలిన్, ఈ గంటా ఈ పొగడ్తలూ వీళ్ళిచ్చారు, నేను ఇచ్చేది ఏమీ లేదు, పైగా అడుగుతున్నాను. ఆవులు దిగిన మర్నాడు, ఏటా, సెన్సిని తీసుకుని మా ఇంటికి రా. ఆల్‌బుఖారా పండు పెట్టి ఉండలు చేస్తాను. ముక్కలు ఆ అమ్మాయి అంటిస్తుంది. నువ్వు అడిగి, తిని, వెళ్ళు.

(గంట మోగింది)

కదలనని పట్టుబట్టి కూర్చున్నాడు పాపం. ఏమిటి? వినపడేలా చెప్పు, వెనక వరసవాళ్ళకు కూడా.

ఈ ఏడు పూడ్చమంటావా అని అడుగుతున్నాడు.

వద్దు, వెండెలిన్. వద్దు.

ఇంతసేపు సూపు చల్లారబెట్టుకుని విన్నందుకు మీ అందరికీ రుణపడి ఉంటాను. సెలవు.