చెల్లెలు వచ్చిపోయిన ఇల్లు

నాంచారమ్మవ్వ మనవరాలిని వడ్ల గాదెలో దాచిందంట. ఎందుకంటే టీకాలేసే సాయిబు సైకిలు ఊళ్ళోకొచ్చింది. ఆ పిల్లకి ముందు పుట్టిన ఇద్దర్నీ పోలేరమ్మ మశూచి పోసి తీసుకుపోయింది. ఇదొక్కతే మిగిలింది. చావు కన్నెత్తి చూడకూడదని పెంటకుప్ప మీద దొర్లించి పెంటమ్మని పేరు పెట్టుకున్నారు. నవ్వకండర్రా, అప్పట్లో అట్టాగే పెట్టేవాళ్ళు. పక్కూళ్ళో అప్పటికే అమ్మ పోసింది. జబ్బ మీద గీకించుకుంటే అమ్మకి కోపమొచ్చి ఈ ఒక్కదాన్నీ పట్టుకుపోతుందేమోనని అవ్వ భయం. ఊరంతా ఆమె మొహంకేసే చూస్తా ఉంది. అమ్మవారికి చద్ది పెట్టేది ఆమే కదా, ఆమె ఊఁ అంటేనే ఎవరైనా చెయ్యి చాపేది.

మీరాసాబంట ఆయన పేరు. వచ్చి అరుగు మీద కూచుని, పిల్లేదీ అని అడగలా, మజ్జిగుంటే పొయ్యవ్వా అన్నాడంట. తాగుతా ఆమె మొహం మీద గుంటలు చూసి, నీకెప్పుడు పోసిందవ్వా అంటే, ఏడో ఏట అంది. మరి అమ్మ పోసిన ఇళ్ళల్లోకి ఎవరూ పోరుగా, నువ్వొక్కదానివే పోయి చద్దెట్టా పెడతావు అన్నాడు సాయిబు. "ఆమాత్రం తెలవదా సాయిబూ? అమ్మ ఒకసారి చూసినోళ్ళని మళ్ళా చూడదయ్యా. గుంటల మొహమోళ్ళే పోవాల. మా అత్తా అంతే." ఏమైందంటే, సాయిబు ముంత కింద పెట్టేశాడంట. "అవ్వా, నేను మూడు నెల్లు కూచుని నేర్చుకున్న చదువులో మొదటి మాట అదే! నువ్వు అమ్మంటావు, నేను జబ్బంటాను. ఒకసారొస్తే మళ్ళీ రాదని ఇద్దరం అంటన్నాం." మరి నీ సంచిలో ఆ టీకా సీసా ఉందే, దాన్లో ఏముందయ్యా అంది అవ్వ. "ఆవు పొదుగు మీద చిన్న పొక్కు లేస్తదే, దాని రసం. అది లేచినోళ్ళకి పెద్దది రాదు." అవ్వ చాలాసేపు కొట్టంలో ఆవుకేసే చూసిందంట. ఆవు నెమరేస్తా ఉంది, ఏం తెలీనట్టు. "అయితే ఇది అమ్మకి చెల్లెలన్నమాట. చెల్లెలొచ్చి పోయిన ఇంటికి అక్క రాదు." "చెల్లెలని నేను చెప్పలేనవ్వా, నా చదువులో లేదు. కాదని కూడా లేదు."

ఆ మాటకే అవ్వ మనసు మెత్తబడిందంట. అవునని తలూపేసి ఉంటే నమ్మేది కాదనుకో. ముందు నాకు గీకు అంది. నీకు లేవదవ్వా, పెద్దామె వచ్చిపోయిందిగా అన్నాడు. చూద్దాం అని జబ్బ చాపి, ఆనక పిల్లని గాదెలోంచి తీసి చాపించింది. ఎనిమిదో నాటికి పిల్ల జబ్బ మీద ముత్యమంత పొక్కు, అవ్వకేమో ఏమీ లేదు! ఊరు ఊరంతా చేతులు చాపింది. అవ్వ గుమ్మానికి వేపమండలు కట్టి, చెల్లెలికీ చద్ది పెట్టింది. పొక్కు చూడ్డానికొచ్చిన సాయిబు చెప్పులు వాకిట్లోనే విడిచాడంట. ఏం సాయిబూ, మా అమ్మకి దణ్ణమా అని ఎవరో ఎగతాళి చేస్తే, లోపల పసిపిల్ల పడుకుంది గదయ్యా అన్నాడంట.

చద్ది పెట్టిన మర్నాడు తెల్లారగట్ల మంచులో అవ్వ చూసిందంట, పచ్చచీరె, తడిజుట్టు, కాళ్ళకి గజ్జెలు. ఇంటింటికీ పోయి, వంగి, నిద్రపోయే పిల్లల జబ్బలు తడిమి, "మా చెల్లొచ్చి పోయిందే" అని నవ్వుకుంటా కాలవ దాటి పోయిందంట. ఆ ఏడు మా ఊళ్ళో ఒక్క పిల్లా పోలేదు.

చద్ది గొప్పదా, సీసా గొప్పదా అని నన్నడగబాకండి. వాళ్ళిద్దరూ మాట్లాడుకునేటప్పుడు నేను గాదెలో ఉన్నా, నాకు వడ్ల వాసనే తెలుసు. ఇదుగో, కావాలంటే నా జబ్బ చూడండి.