మాస్టారు దిద్దని తర్జుమా

సభకు పెద్దగా కూర్చున్న మన భజన మందిరం అధ్యక్షులు సుబ్బరాయప్ప గారికి, ముందు వరుసలోని పెద్దలకు, వెనక వరుసలో గుసగుసలాడుతున్న నా భజన స్నేహితురాళ్ళకు, తెల్ల బట్టలు తొడుక్కొని బుద్ధిమంతుల్లా నటిస్తున్న పిల్లలకు, ఈ రోజు సన్మానం అందుకుంటున్న మన టైక్వాండో మాస్టారు యతీశ్ గారికి నమస్కారాలు. దేవుడి పాట పాడడం తప్ప మైకు ముందు మాట్లాడడం నాకు తెలియదు. గొంతు కూడా చిన్నది. వినపడకపోతే చెయ్యెత్తండి, వినడం ఇష్టం లేకపోతే మాత్రం ఎత్తకండి. (నవ్వులు)

మాస్టారు బడిలో ఉద్యోగం ముగించుకొని, హోసూరు వదిలి, సోమవారం సొంత ఊరు కావేరిపట్టణానికి వెళ్ళిపోతున్నారు. ప్రతి శనివారం సాయంత్రం ఈ మేడమీది హాల్లోనే ఆయన పిల్లలకు టైక్వాండో నేర్పారు. క్లాసయ్యాక, కాలు ఎలా విసరాలో చూసి నేర్చుకుంటారని, ప్రొజెక్టరుతో గోడ మీద ఒక కొరియా సినిమా వేసేవారు. మేము కింద భజన ముగించి, పిల్లలను తీసుకుపోదామని మేడెక్కి, మొదట తలుపు దగ్గర నిలబడి, తరువాత చాప మీద కూర్చొని, చివరికి పిల్లలకంటే ముందే వచ్చి చోటు పట్టుకోవడం మొదలుపెట్టాం.

ఆ సినిమాలన్నీ ఒకే దారి. ఒక అబ్బాయి, ఒక అమ్మాయి, ఒకే గురువు. మొదటి సగమంతా ఒకరినొకరు తన్నుకుంటారు. రెండో సగంలో వానలో తడుస్తూ చూసుకుంటారు. ఆ చూపులు రాగానే మాస్టారు రిమోటు నొక్కి సినిమాను ముందుకు పరిగెత్తించేవారు. మా భజనలో పాడే మారక్క ఊరుకుంటుందా? "ఏమప్పా మాస్టరూ, తన్నేదంతా చూపిస్తావు, ముద్దుగా మాట్లాడుకునేది దాస్తావు. మేమూ పిల్లల్ని కన్నోళ్ళమే కదప్పా!" అంది. ఆ రోజు నుంచి రిమోటు మారక్క ఒడిలోనే ఉంది. (నవ్వులు)

ఒక సినిమాలో అబ్బాయి మోకాళ్ళ మీద కూర్చొని అమ్మాయి నడుముకు నల్ల బెల్టు కట్టాడు. మా అందరిలోకీ పెద్దదైన దొడ్డమ్మ, వాళ్ళకు పెండ్లి అయిపోతోందనుకొని, "గట్టిమేళం అనండే!" అంటూ, భజన నుంచి తెచ్చుకున్న అక్షింతలు గోడ మీదికి విసిరింది. మేమందరమూ విసిరాం. నేనైతే కళ్ళు మూసుకొని, స్వామిని తలచుకొని మరీ విసిరాను. మాస్టారే చీపురు తీసుకొని ఆ బియ్యమంతా ఊడ్చుకున్నారు.

మాకు కొరియా భాష రాదు, బొమ్మ కింద పరిగెత్తే ఇంగ్లీషు అక్షరాలు అందవు. వాటిని చదివి తెలుగులో చెప్పడం మా ఆడబిడ్డ సుధామణి పని. ఇన్సూరెన్సు ఆఫీసులో ఉద్యోగం. పెండ్లయిన కొత్తలోనే భర్తను పోగొట్టుకుని మా ఇంటికి వచ్చింది. నాకు చెల్లెలే అనుకోండి. గోడ మీద ఆ అమ్మాయి రెండు ముక్కలు అంటే, సుధామణి, "అందరికీ నిలబడేది నేర్పిస్తావు, నీ పక్కన నిలబడేదానికి ఒకరు కావల్లని ఎప్పుడన్నా అనుకుంటివా?" అని చెప్పేది. మేము కొంగుతో కళ్ళొత్తుకునేవాళ్ళం.

మొన్న మా అమ్మాయి రక్షిత అదే సినిమా ఫోనులో చూసి, నవ్వలేక చస్తూ వచ్చింది. "అమ్మా, అత్త చెప్పిన మాట ఆ పిల్ల యాడా అనలేదు. 'మోకాలు ఇంకా పైకెత్తు' అనింది, అంతే!" (పెద్దగా నవ్వులు)

సుధా, తల దించుకోకు. నేను అడిగేది నిన్ను కాదు. మాస్టారూ, మీకు ఇంగ్లీషు బాగా వచ్చు. ఆ అక్షరాలు మీరూ చదివారు. పిల్లల పిడికిలిలో ఒక వేలు వంకరగా ఉంటే ఊరుకోని మీరు, వారం వారం అంత తప్పుడు తర్జుమా వింటూ ఒక్కసారీ దిద్దలేదే, ఎందుకని? (మాస్టారి వైపు తిరిగి) సరే, చెప్పవద్దులెండి. మీ చెవులు ఎర్రబడ్డాయి, చాలు.

ఇక నవ్వులు ఆపి ఒక మాట. సోమవారం ఈయన బస్సెక్కితే వీళ్ళిద్దరూ జన్మలో మళ్ళీ నోరు తెరవరు. భర్త పోయినదానికి మళ్ళీ పెండ్లా, దేవుడు మెచ్చుతాడా అని నన్ను కొందరు అడిగారు. నేను రోజూ ఆ స్వామి ముందు కూర్చునేదాన్ని. ఆయన ఎన్నడూ వద్దనలేదు. వద్దన్నది మనుషులే.

మా ఇంటాయన కేశవప్ప గారిని అడిగితే, "మగపిల్లోడి తరపు పెద్దలు వచ్చి పిల్లనడగాల. మనమే పోయి ఇస్తామనేది మన వంశంలో లేదు" అంటారు. మాస్టారికేమో తల్లిదండ్రులు లేరు, తోబుట్టువులు లేరు. ఎవరు అడుగుతారు?

నేను అడుగుతాను. ఈ క్షణం నుంచి నేను మగపిల్లవాడి తరపు. సుబ్బరాయప్ప గారూ, సన్మానానికి పెట్టిన ఈ తాంబూలం తట్ట ఒక నిమిషం ఇవ్వండి. (వేదిక దిగి) కేశవప్ప గారూ, మీ చెల్లెలు సుధామణిని మా యతీశ్‌కు అడగడానికి వచ్చాం.

"ఏమే, ఇంటికి పోయి మాట్లాడుకుందాంలే. అందరూ చూస్తా ఉండారు."

"ఇంట్లో అయితే మీరు టీవీ సౌండు పెంచుతారు."

"నేనెప్పుడన్నా వద్దంటినా? అడిగేవాళ్ళు లేకనే కదా ఊరుకుంటిని. ముందు దాన్ని అడుగు."

(సుధామణి తల ఎత్తి) "నన్నెందుకు వదినా? ఆయన ఆడనే కూర్చోనుండారు కదా. నోరు తెరిచి అడగమను."

(మాస్టారు లేచి) "అడుగుతా ఉండాను, సుధామణి గారూ."

(చాలాసేపు చప్పట్లు)

సుధ తలూపింది, తట్ట మా ఆయన అందుకున్నారు. అందరూ చూశారు కదా, సాక్షులు మీరే. ఈ రోజు నేను మగపిల్లవాడి తరపుదాన్ని కాబట్టి, ఇంటికి వెళ్ళాక కాఫీ పెట్టి మర్యాద చేయవలసింది ఆయనే. ఇంతసేపు ఓపికగా విన్న మీకందరికీ కృతజ్ఞతలు. మాస్టారికి వీడ్కోలు చెప్పమని నన్ను పిలిచారు. అది మాత్రం చెప్పలేకపోయాను, మన్నించండి. సెలవు.